జాబితాలోని పేరు

చంద్రధర్ శర్మ గులేరీ హిందీలో వ్రాసిన ‘ఉస్‌నే కహా థా’, అనగా ‘ఆమె చెప్పినది’, ప్రేమకథగా ప్రసిద్ధి కెక్కింది. ఆ ప్రసిద్ధి అన్యాయమైనది కాదు గాని, కథ చివరనున్న వార్తాపత్రిక ప్రకటనపై పాఠకుని దృష్టి నిలువకుండా చేసింది.

ఈ కథ 1915లో ‘సరస్వతి’ మాసపత్రికలో వెలువడింది. 1914 సెప్టెంబరులో మార్సేల్స్ రేవులో దిగిన భారతీయ సైనికులు అప్పటికి ఫ్రాన్సు, బెల్జియం కందకాలలో ఒక శీతకాలం గడిపారు. స్వదేశంలోని ప్రజలకు వారిని గురించి పత్రికలు ప్రధానంగా చూపినవి రాజభక్తి, శౌర్యం, పతకాలు. భారతీయ సైనికులలో మొట్టమొదట విక్టోరియా క్రాస్ పొందిన ఖుదాదాద్ ఖాన్ సాహసం నిజంగా గొప్పదే. అయితే పతకం రానివాని మాట ఏమిటి? సిపాయిలు ఇంటికి వ్రాసే ఉత్తరాలను సైనిక పరిశీలకులు చదివేవారు. చదువురాని సిపాయి మరొకరిచేత వ్రాయించుకొని, అధికారి కంటబడునని ఎరిగి పలికిన మాటలో మనసు ఎంతవరకు విప్పగలడు?

గులేరీ ఆ మనసును చూపాడు. జమాదారు లహనా సింగు ఎన్నడో అమృత్‌సర్ బజారులో చూచిన బాలిక ఇరవై అయిదేండ్ల తరువాత సుబేదారు భార్యగా కనబడి, తన భర్తనూ కొడుకునూ కాపాడమని వేడుకొంటుంది. లహనా సింగు జబ్బుపడిన ఆ కుర్రవానికి తన వెచ్చని దుస్తులిస్తాడు. తన గాయాన్ని దాచి, తండ్రీకొడుకులను క్షతగాత్రుల బండిలో పంపివేస్తాడు. తుదిఘడియలలో అతడు తలచుకొనేది చక్రవర్తిని కాదు. ఇంటి బిడ్డ పుట్టిన నెలలో తాను నాటిన మామిడిచెట్టును.

దొర వేషంలో వచ్చిన జర్మను గూఢచారి ఘట్టం మాత్రం కొంత చవుక. అందులో యుద్ధకాలపు పత్రికల వాసన ఉన్నది. శత్రువు కూడ మనిషేనన్న ఊహ గాని, ఈ పోరాటం ఎవరికోసమన్న ప్రశ్న గాని గులేరీకి తోచినట్లు లేదు. ఆ ప్రశ్నకై ముల్క్‌రాజ్ ఆనంద్ 1940లో ఆంగ్లంలో ప్రకటించిన ‘అక్రాస్ ది బ్లాక్ వాటర్స్’ నవల వద్దకు పోవలసినదే.

అయినా ఆ ఘట్టానికి ఒక ప్రయోజనం లేకపోలేదు. మోసాన్ని పసిగట్టి కందకాన్ని కాపాడినవాడు లహనా సింగే. పత్రికలు కోరే వీరగాథ సరిగా అదే. కాని చివరి ప్రకటనలో ఉన్నది పటాలం సంఖ్య, హోదా, పేరు, గాయాలవల్ల మరణించెనన్న సమాచారం మాత్రమే. అందులో అసత్యం ఒక్కటీ లేదు. రచయిత దానిపై ఒక్క వ్యాఖ్యయినా చేయక కథ ముగించాడు. ‘సరస్వతి’లో ఆ కథ చదివినవారికి అట్టి జాబితాలు కొత్తవి కావు, 1918 వరకు అవి వెలువడుతూనే వచ్చాయి.