సరిహద్దు గోడ: ఒక విమర్శ

కోవిడ్ ప్రబలిన 2020వ సంవత్సరమున, ఏప్రిల్ చివరి వారములో, వేలూరు జిల్లా అధికారులు చిత్తూరు జిల్లాకు పోవు రెండు మార్గములకు అడ్డముగా గోడలు కట్టించిరి. ఒకటి గుడియాత్తం దాపున సైనగుంట వద్ద, మరియొకటి పొన్నై మార్గమున. విమర్శలు చెలరేగగా కొలది దినములలోనే వానిని తొలగించిరి. గోడ పోయినను, అది లేవనెత్తిన ప్రశ్న పోలేదు.

అధికారుల భయము నిష్కారణమైనది కాదు. నాటికి టీకా లేదు; అనుమతి లేని రాకపోకలను అరికట్టుట వారి విధి. అయితే కావలివాడు రోగిని, దొంగదారిన వచ్చువానిని వేరుపరుపగలడు. గోడకు ఆ వివేకము లేదు.

1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణము. పిమ్మట జిల్లాలు వేరైనవి గాని బ్రతుకులు వేరు కాలేదు. 1900లో ఐడా స్కడ్డర్ ఒక్క పడకతో ఆరంభించిన వేలూరు వైద్యశాల నేడు మహాసంస్థ. చిత్తూరు సీమ తెలుగువారికి పెద్ద జబ్బు చేసినచో అదియే దిక్కు. పెద్దాసుపత్రులు కొద్దిగా గల దేశమున దారి మూయుట వైద్యమును మూయుటయే.

కావున కావలసినది గోడ కాదు, ద్వారము. ఉభయ జిల్లాలవారు కలిసి నడుపు తనిఖీ, అక్కడనే పరీక్ష, రోగులకు తక్షణ అనుమతి, తమిళ తెలుగు భాషలు రెండింటను ప్రకటనలు ఉండవలెను. తనకు తెలిసిన భాషలో కారణము చెప్పినచో ప్రజ నిబంధనను పాటించును. మరల మహమ్మారి రాకమునుపే ఈ యేర్పాటు జరుగుట మేలు.