వాట్లు తగ్గించే విద్య

నరసరావుపేట చుట్టుపక్కల మైకుసెట్లు అద్దెకిచ్చేవాళ్ళను ఎవరినడిగినా ముందు వాట్ల లెక్కే చెబుతారు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో భక్తులు అలంకరించి తెచ్చే ఎత్తైన ప్రభల మధ్య పోటీ ఎత్తులోనే కాదు, మోతలోనూ ఉంటుంది. అలాంటి చోట యాంప్లిఫయర్ శక్తి పెంచమని అడిగేవాళ్ళే తప్ప తగ్గించమనేవాళ్ళు కనిపించరు. నా మటుకు నాకు తగ్గించడమే పెద్ద విద్య.

మా వీధిలో గిటార్ వాయించే కుర్రాడు, ఒకప్పుడు పెళ్ళిళ్ళలో హారన్లు మోగించిన పాత వాల్వు సెట్టొకటి సంపాదించాడు. నాలుగు ఈఎల్34 వాల్వులు, సుమారు 100 వాట్లు. "వాల్యూం తగ్గిస్తే ఆ జీర పోతోంది బాబాయ్. పెంచితే నాయనమ్మకు నిద్ర ఉండట్లా" అన్నాడు.

వాడి బాధ నిజమే. వాల్వు తన శక్తి అంచు దాకా వెళ్ళినప్పుడు శబ్ద తరంగాల కొనలు నలుగుతాయి, మూలస్వరం మీద కొత్త అనుస్వరాలు పుడతాయి. గిటార్ వాళ్ళు ప్రాణంగా చూసుకునే జీర అదే. వాల్యూం తిప్పి తగ్గిస్తే వాల్వు ఆ అంచు దాకా పోనే పోదు. కాబట్టి ఆ అంచునే కిందికి దించాలి.

ముందు చెవి లెక్క తెలియాలి. వాట్లు సగమైతే శబ్దం సగం కాదు, 3 డెసిబెల్స్ తగ్గుతుందంతే. చెవికి సగమనిపించాలంటే 10 డెసిబెల్స్ తగ్గాలి, అంటే వాట్లు పదో వంతుకు రావాలి.

సెట్టు మూత తీసేముందు ప్లగ్గు పీకాం. అయినా చెయ్యి పెట్టకూడదు. కెపాసిటర్లలో 400 వోల్టుల పైన డీసీ నిలవుంటుంది, ప్రాణం తీస్తుంది. రెసిస్టర్ గుండా దాన్ని దించి, మీటర్ సున్నా చూపించాకే పని మొదలుపెట్టాం. రెండేసిగా రెండు పక్కల పనిచేసే వాల్వుల్లో ఏది ఏ పక్కదో వైరింగ్ చూసి, పక్కకొకటి చొప్పున రెండు తీసేశాం. వాల్వులు సగమైతే వాటికి కావలసిన లోడు ఓమ్స్ రెట్టింపవుతుంది. అందుకే 16 ఓమ్స్ స్పీకర్‌ను 8 ఓమ్స్ దగ్గర తగిలించాం. 100 వాట్లు 50 అయ్యాయి. కుర్రాడికి పెద్ద తేడా తెలియలేదు.

తర్వాత మిగిలిన రెండు వాల్వుల్లో స్క్రీన్ గ్రిడ్డును దాని సప్లై నుంచి విడదీసి, చిన్న రెసిస్టర్ ద్వారా ప్లేటుకు కలిపాం. దీన్ని ట్రయోడ్ పద్ధతి అంటారు. శక్తి మళ్ళీ దాదాపు సగానికి దిగింది, పైస్థాయి పదును కాస్త మెత్తబడింది. ఇక మిగిలింది స్పీకర్. ఒక వాట్‌కు మీటరు దూరంలో 100 డెసిబెల్స్ పలికేదాన్ని తీసి 94 పలికేదాన్ని పెడితే, వాట్లను నాలుగో వంతు చేసినంత ఫలితం. అన్నీ కలిపితే 12 డెసిబెల్స్. జీర ఉంది, హోరు పోయింది.

రాత్రిళ్ళ కోసం యాంప్లిఫయర్‌కూ స్పీకర్‌కూ మధ్య అటెన్యుయేటర్ పెట్టుకోవచ్చు. మిగులు శక్తిని అది వేడిగా మార్చేస్తుంది. సెట్టు వాట్ల కంటే ఎక్కువ తట్టుకునేది, ఓమ్స్ సరిపోయేది కొనాలి. లోడు లేకుండా వాల్వు సెట్టును మోగిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదముంది.

ఎంత చేసినా నెమ్మది శబ్దంలో మంద్రం, తారం వెనక్కి తగ్గినట్టే వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అది చెవి స్వభావం, సెట్టు లోపం కాదు. టోన్ బటన్లు కొద్దిగా తిప్పుకుంటే సరిపోతుంది.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటొద్దంటున్నాయి. ఆ హద్దు లోపల కూడా పాట రుచి చెడకుండా వినిపించవచ్చని చూపించగలిగేది పని తెలిసిన మెకానిక్కే. మైకుసెట్టు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళను ఎన్ని వాట్లని అడిగేముందు, వినేది ఎంతమంది, ఎంత దూరంలో ఉంటారని అడగడం మొదలుపెడితే మన ఊళ్ళ చెవులకూ పాటకూ రెండింటికీ మేలు.