కుంభాకార ఆవరణం - రబ్బరు బ్యాండు ఉపమానం: ఒక పరిశీలన

సమతలంలోని కొన్ని బిందువులన్నింటినీ ఇముడ్చుకొనే అతిచిన్న కుంభాకార బహుభుజిని కన్వెక్స్ హల్ అంటారు. దీనిని తెలుగులో కుంభాకార ఆవరణం అనవచ్చు. దీని వివరణకు తరచుగా వాడే ఉపమానం ఒకటుంది: బిందువులు పలకపై కొట్టిన మేకులు, ఆవరణం వాటి చుట్టూ బిగుసుకొన్న రబ్బరు బ్యాండు. ఈ ఉపమానం ఫలితాన్ని చూపుతుంది గాని పద్ధతిని చూపదు.

రబ్బరు బ్యాండు అన్ని వైపుల నుండి ఒకేసారి బిగుస్తుంది. కంప్యూటరుకు అట్టి సమగ్రదృష్టి లేదు. రొనాల్డ్ గ్రాహమ్ 1972లో ప్రకటించిన పద్ధతి నేడు బోధిస్తున్న రూపంలో, అన్నింటికంటె దిగువనున్న బిందువును ఆధారంగా గ్రహించి, మిగిలినవాటిని కోణాన్ని బట్టి అపసవ్య దిశలో అమర్చుతారు. ఆపై వరుసగా మూడేసి బిందువులను పరీక్షిస్తారు. మలుపు ఎడమకైతే ముందుకు సాగుతారు; కుడికైతే నడిమి బిందువును తొలగించి, వెనుకకు మరలి మళ్లీ పరీక్షిస్తారు. తొలగిన బిందువు తిరిగి రాదు. కనుక ఈ దశలోని శ్రమ బిందువుల సంఖ్యకు అనులోమంగానే పెరుగుతుంది; అసలు భారం కోణక్రమంలో అమర్చడానిదే.

స్వీకరించినదానిని విడిచిపెట్టడమే ఈ పద్ధతికి ప్రాణం. రబ్బరు బ్యాండులో దానికి చోటు లేదు. 1973లో జార్విస్ ప్రకటించిన పద్ధతికి స్థిరపడిన 'గిఫ్ట్ ర్యాపింగ్' అనే పేరు ఇందుకు భిన్నం. కానుకకు కాగితం చుట్టినట్లు ఒక్కొక్క అంచునే కనుగొంటూ చుట్టిరావడం ఆ పద్ధతి నడకయే.

కావున శాస్త్రవిషయాన్ని తెలుగులో బోధించేటప్పుడు ఉపమాన ఉపమేయాల సమానధర్మం ఆకృతిలో ఉన్నదా, క్రియలో ఉన్నదా అని విచారించాలి. లేనిచో విద్యార్థికి ఆవరణం కనబడుతుంది గాని, దానిని కనుగొనే మార్గం తెలియదు.