కందనవోలి దుర్గము : అచ్యుతరాయలకుఁ బూర్వము

కర్నూలు కోటను విజయనగరప్రభువగు నచ్యుతదేవరాయలు (1529–1542) కట్టించెనని స్థలచరిత్రకారులు ప్రాయికముగా వ్రాయుచున్నారు. కొండారెడ్డి బురుజును జూపి పాఠశాలలలోఁ జెప్పు మాటయు నిదియే. ‘కట్టించెను’ అను క్రియకు మొదలంటఁ గట్టించుట యను నర్థమే వీరు గ్రహించుట విచార్యము.

ఆరవీటివారి సంస్కృత తామ్రశాసనములను జూడుఁడు. 1634 నాఁటి కూనియూరు శాసనమున, అళియరామరాయల పితామహుఁడగు రామరాజు కందనవోలి దుర్గమును గైకొనెననియు, నచట జ్ఞాతులిడిన విషమును ద్రావియు బ్రదికెననియుఁ గలదు. మనుమఁడు రక్కసి తంగడి యుద్ధమున 1565లో వార్ధకమున హతుఁడయ్యెను. ఆతని తాత గెలిచిన దుర్గము అచ్యుతునికిఁ బూర్వముననే యుండవలెను గదా!

ఈ శాసనము నూఱేండ్లకుఁ బైబడిన తరువాతిది, వంశస్తుతి, ప్రమాణము గాదని యాక్షేపింతురు. శత్రువుల గుఱ్ఱములు డెబ్బదివేలని చెప్పిన కవిని సంఖ్యలయెడ నమ్మవలదు, విషకథను నమ్మవలదు. కాని లేని కోటను గల్పించి, యెల్లవారు నెఱిఁగిన యూరిపేరు దానికిఁ బెట్టుట స్తుతికిఁ బనికిరాదు. కావున అచ్యుతరాయలు జీర్ణోద్ధారకుఁడో, ప్రాకారవర్ధకుఁడో యయి యుండును. మన వ్యవహారమున నొక వరుస ఱాయి పెంచినవాఁడును గట్టించినవాఁడే.

ఇఁక నామవిషయము. అలంపురపు గుడికి ఱాళ్లు తోలిన బండ్లవారు తుంగభద్ర దాఁటునపుడు ఇరుసులకుఁ గందెన వేసికొనుటచేఁ గందెనవోలయ్యెనని కథ. శాసనమున ‘ద’కారమే యున్నది గావున నీ కథ పొల్లని కొందఱు మిత్రు లందురు. నేనును గొంతకాల మట్లే తలఁచితిని. అది తప్పు. సంస్కృతమున హ్రస్వమగు ఎకారము లేదు. లఘువు వలసినచోటఁ గవి ‘దె’ను ‘ద’ చేయక గతిలేదు. ప్రోలు వోలగుట నిడదవోలునందువలె సాధువే. పూర్వపదము కందెనయో, కందన యను పురుషనామమో వ్యాకరణము తేల్పఁజాలదు. తెలుఁగు శాసనపాఠములే తేల్పవలెను. ఏది తేలినను, బండికథ యూరికిఁ బేరు చెప్పునే కాని కోటకుఁ గాలము చెప్పదు.

కోటగోడలు చాలభాగము పోయినవి. బురుజు క్రింది సొరంగము గద్వాలకుఁ బోవునని చెప్పువారికిఁ గొదువలేదు. కావలసినది పునాదిని గొలుచువారు. అడుగువరుసలను బైవరుసలను వేఱువేఱుగా నెంచి, ఱాతిచెక్కడమును సున్నమును బోల్చి చూడవలెను. హంద్రియొడ్డున నున్న అబ్దుల్ వహాబు సమాధి 17వ శతాబ్దపు బిజాపురపుఁ బనితనము; తరువాతి మరమ్మతులను గుర్తించుట కది యొరగల్లు. 2009 అక్టోబరులో తుంగభద్రయు హంద్రియుఁ గలసి యూరిని ముంచెత్తినవి. బురుజు పాదముకడ నేది పాఁతదో, యేది క్రొత్తదో వ్రాసికొనుట మఱియొక వఱదకు ముందే జరుగవలెను.