మారియోకి రంగులద్దిన నకలు చిప్

జపాన్ నుంచి తెచ్చిన నింటెండో గేమ్ యంత్రం ఫ్యామికామ్‌ను మన పాత టీవీకి తగిలిస్తే బొమ్మ వస్తుంది గానీ రంగు రాదు. ఒక్కోసారి ఆ బొమ్మా కుదురుగా నిలవదు. జపాన్‌ది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, అందులో రంగు సిగ్నల్ 3.58 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల ఏడు, దూరదర్శన్ రంగుల్లోకి మారినప్పుడు మనం తీసుకున్నది పాల్. మన టీవీ రంగును 4.43 దగ్గర వెతుకుతుంది. దొరక్కపోతే రంగు సర్క్యూట్‌ను ఆపేసి నలుపు తెలుపుతో సరిపెడుతుంది.

అయినా తొంభైల్లో మన ఇళ్లల్లో మారియో ఎర్రటోపీతోనే గెంతాడు. అప్పటి టీవీ గేముల లోపల పాల్‌కి తగ్గట్టు మలిచిన నకలు చిప్‌లుండేవి. నకలు అనగానే తీసిపారేస్తాం గానీ, తైవాన్ కంపెనీ యూఎంసీ చేసిన పని చూస్తే నాకు గౌరవమే కలుగుతుంది. ఢిల్లీ బేర్ సరాయ్‌లో నా గదిలో ఉన్న అలాంటి నకలు యంత్రం బోర్డు మీద ఆ కంపెనీ పెద్ద చిప్‌లు రెండు, యూఏ6527పీ, యూఏ6538. పక్కన క్లాక్ వేగాన్ని నిర్ణయించే వెండిరంగు క్రిస్టల్ మీద 26.601 అని ఉంది. 4.43ని ఆరింతలు చేస్తే వచ్చేది దాదాపు అదే.

క్రిస్టల్ ఒక్కటి మారిస్తే సరిపోదా? సరిపోదు. ఫ్యామికామ్‌లో బొమ్మ గీసే చిప్పే రంగును కూడా కలిపి బయటికి పంపుతుంది. పాల్‌లో గీత గీతకీ రంగులో ఒక భాగం ఫేజ్ తిరగబడాలి. అది పాత చిప్‌కి చేతకాదు. పైగా క్లాక్ పెరిగితే గీతలు సెకనుకు 19 వేలు దాటుతాయి, 15,625కి అలవాటుపడ్డ టీవీ వాటిని పట్టుకోలేదు. అందుకని యూఎంసీ క్లాక్‌ను బొమ్మ కోసం నాలుగు బదులు ఐదుతో, ప్రాసెసర్ కోసం పన్నెండు బదులు పదిహేనుతో భాగించింది. ప్రాసెసర్ ఒక్క అడుగు వేసేలోగా తెర మీద మూడు చుక్కలు అన్న పాత లెక్క చెక్కుచెదరలేదు. నింటెండో యూరప్ కోసం చేసిన చిప్ పదహారుతో భాగించి 1.66 మెగాహెర్ట్జ్‌కి దిగింది. యూఎంసీది 1.77, జపాన్ అసలుది 1.79. పాటల శ్రుతి దాదాపు అలాగే నిలిచింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఇంకోటి. జపాన్ తెరకి 262 గీతలు, పాల్‌కి 312. మిగిలిన 50 ఖాళీ గీతలు ఎక్కడ పెట్టాలి? బొమ్మ గీయడం అయ్యాక చిప్ ప్రాసెసర్‌కి ఒక కబురు పంపుతుంది. కొన్ని ఆటలు ఆ కబురు నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ, తెర మీద ఫలానా గీత దగ్గర బొమ్మను మారుస్తాయి. నింటెండో ఖాళీ గీతల్ని కబురు తర్వాత పెట్టింది, దాంతో ఆ లెక్కలు తప్పాయి. యూఎంసీ వాటిని కబురుకి ముందే గడిపేసింది. కబురు అందాక తర్వాతి బొమ్మ మొదలవడానికి పట్టే సమయం జపాన్‌లో ఎంతో ఇక్కడా అంతే. జపాన్ క్యాసెట్ తనకు తెలిసిన యంత్రంలోనే ఉన్నాననుకుంటుంది.

ఆట మాత్రం ఆరోవంతు నెమ్మదించింది. సెకనుకు 60 తెరలు 50 అయ్యాక దానికి విరుగుడు లేదు. పాత ఆటల్ని కంప్యూటర్‌లో ఆడించే ఎమ్యులేటర్లు ఈ టైమింగ్‌ను రష్యాలో అమ్ముడైన నకలు యంత్రం పేరుతో డెండీ అంటాయి. చిన్నప్పుడు ఆడిన వేగమే కావాలనుకునేవాళ్లు సెట్టింగ్స్‌లో ఎన్‌టీఎస్‌సీ, పాల్ వదిలేసి దాన్ని ఎంచుకోవాలి.