మెట్టు దిగించి చూడాలి

కానిస్టేబుల్ సెలక్షన్లు దగ్గరపడితే నా దగ్గరికి మోకాళ్ళు పట్టుకుని వచ్చే కుర్రాళ్ళు ఎక్కువవుతారు. 1600 మీటర్ల పరుగు కోసం ఉన్నట్టుండి గ్రౌండెక్కి, కొన్నాళ్ళకే మెట్లు దిగలేకపోతుంటారు. చేతిలో ఎక్స్‌రే కవరు, నోట ఒకటే ప్రశ్న: "గుజ్జు అరిగిపోయిందా సార్?"

ముందు ఆ కవరు పక్కన పెట్టించి, నొప్పి ఎక్కడో చూపించమంటాను. మోకాలి చిప్ప కింది అంచున ఒక్కచోటే వేలు పెట్టి, ఎగిరి దూకితే అక్కడే నొస్తుందంటే టెండన్ని అనుమానిస్తాను. ఎదిగే పిల్లలు ఇంకాస్త కిందుగా ఎముక మీది బొడిపెను చూపిస్తారు, అది వేరు. పిల్లవాడు కుంటుతూ మోకాలు నొప్పంటే మాత్రం తుంటి చూడకుండా పంపకూడదు. అక్కడి జబ్బు మోకాలి నొప్పిగా బయటపడుతుంది. మోకాలు వాచి, వేడెక్కి, జ్వరం కూడా ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికే.

ఈ కుర్రాళ్ళలో ఎక్కువమంది చిప్ప చుట్టూ అరచెయ్యి తిప్పి "ఇక్కడంతా" అంటారు. గొంతుక్కూర్చున్నా, సినిమా హాల్లో చాలాసేపు కూర్చుని లేచినా నొప్పే. ఇది చిప్పకూ తొడ ఎముకకూ మధ్య పడే ఒత్తిడి వల్ల వచ్చేది. దీన్ని గుర్తించడానికి ఎక్స్‌రేతో పనిలేదు. చిన్న పీట మీద ఒంటికాలితో నిలబెట్టి, రెండో మడమను మెల్లగా నేలకు తాకించమంటాను. చాలామందికి మోకాలు లోపలికి వాలుతుంది, నడుము ఒక పక్కకు జారుతుంది. అందుకే నా చూపు చిప్ప మీద కన్నా తుంటి మీదే ఎక్కువ ఉంటుంది.

చాలామంది అప్పటికే ఎక్కడో కరెంటు పెట్టించుకుని వస్తారు. దానికి పెట్టిన డబ్బు చూస్తే నాకు బాధేస్తుంది. 2017లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్‌లో సమావేశమైన నిపుణులు ఈ నొప్పికి కరెంటు వైద్యం సిఫారసు చేయలేదు. తొడకూ తుంటికీ కలిపి వ్యాయామం చేయించమన్నారు. నేనూ అదే చేయిస్తాను: గోడకు వీపు ఆనించి కొంచెమే కిందికి జారడం, పక్కకు పడుకుని పైకాలు ఎత్తడం, తర్వాత పీట దిగడం. కనీసం 6 వారాలైనా చేయాలి. వారానికే నొప్పి తగ్గిందని మానేసేవాళ్ళే మళ్ళీ వస్తారు.

"పరుగు మానేయాలా సార్?"

"మానొద్దు నాన్నా. దూరం సగం చెయ్యి, రోజు విడిచి రోజు పరుగెత్తు. కాస్త నొచ్చినా ఫర్వాలేదు. మర్నాడు పొద్దున మెట్లు దిగి చూసుకో. నొప్పి పెరగలేదంటే ఆ దూరం నీకు సరిపోయింది. పెరిగితే ఇంకాస్త తగ్గించు."