ముగ్గురు అన్నదమ్ముల తిరుగు ప్రయాణం - ‘పరాశక్తి’ చిత్రంపై ఒక పరిశీలన

తమిళనాట చదువుకొంటున్న మన విద్యార్థులకు 1952లో వచ్చిన ‘పరాశక్తి’ పేరు కొత్త కాదు. కరుణానిధి సంభాషణలు, శివాజీ గణేశన్ తొలి నటన, కోర్టు ఘట్టం - ఈ చిత్రమనగానే గుర్తుకు వచ్చేవి ఇవే. వాటిని కాసేపు పక్కనపెట్టి, కథకు పునాది అయిన విషయాన్ని చూద్దాం. ఇది యుద్ధకాలంలో రంగూన్ విడిచి స్వదేశం చేరిన ముగ్గురు అన్నదమ్ముల కథ.

ఆ దారి తెలుగువారికీ తెలిసినదే. బర్మాలో మనవారిని ‘కోరంగీలు’ అనేవారు. యానాం దగ్గరి కోరంగి రేవు పేరే అక్కడ మన జాతి పేరయింది. 1941 డిసెంబరులో రంగూన్‌పై బాంబులు పడ్డాక, కొండలూ అడవులూ దాటి నడిచివచ్చిన లక్షలాది భారతీయులలో తెలుగు కూలీలూ ఉన్నారు.

చిత్రంలో ఓడ టిక్కెట్టు ఒక్కటే దొరుకుతుంది. దానితో వచ్చిన గుణశేఖరన్ మద్రాసులో మోసపోయి డబ్బంతా పోగొట్టుకొంటాడు. ఆ తరువాత చెల్లెలు కల్యాణి కంటబడినా, తానెవరో చెప్పుకోలేక పిచ్చివాడిలా నటిస్తాడు. చిత్రంలోని లోతైన పరిశీలన ఇదేనని నా అభిప్రాయం. విదేశం వెళ్లినవాడు వట్టిచేతులతో రాకూడదన్నది ఊరి తీర్పు. గల్ఫ్ నుంచి అప్పుతో తిరిగివచ్చిన తెలంగాణ యువకుడు నేటికీ ఊళ్లో తలెత్తుకోలేకపోవడానికి కారణం ఈ తీర్పే.

పెద్దన్న చంద్రశేఖరన్ న్యాయమూర్తి అవుతాడు. జ్ఞానశేఖరన్ కాలు పోగొట్టుకొని బిచ్చగాళ్లలో చేరుతాడు. ముగ్గురూ ఒకే ఊరు విడిచివచ్చినా ముగ్గురి గతీ ఒకటి కాలేదు. చదువు, సొమ్ము, శరీరబలం ఉన్నవానికే స్వదేశం స్వదేశమవుతుంది. ఇక కల్యాణి అసలు దేశం విడవనే లేదు. అయినా అందరికంటె నిరాశ్రయ అయినది ఆమెయే. ఆకలితో గుమ్మంలోకి వచ్చిన ఆమెను సొంత అన్నే పోల్చుకోలేక గెంటివేస్తాడు.

ఇంతదూరం చూపిన చిత్రం ముగింపులో తడబడింది. కుటుంబం కలుసుకొంటుంది, అనాథలకు ఆశ్రమం వెలుస్తుంది. అంటే తిరిగివచ్చినవాని సమస్యకు చిత్రం చెప్పిన సమాధానం రక్తబంధం, దయ. ఇల్లు, పని, అప్పు అనే మాటలు అక్కడ వినబడవు. నడిచివచ్చిన కూలీకి న్యాయమూర్తి అయిన అన్న ఎక్కడ దొరుకుతాడు? 1962 సైనిక తిరుగుబాటు, 1964 జాతీయీకరణల తరువాత బర్మానుంచి మళ్లీ జనం వచ్చినప్పుడు, వారికి కావలసినది వేరని తేలింది. బర్మా, శ్రీలంకలనుంచి వచ్చినవారి పునరావాసం కోసం 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు ఏర్పడింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు నేటికీ నిలిచి ఉంది.

ఇలా వచ్చినవారిని తెలుగులో ‘కాందిశీకులు’ అన్నాం. ‘ఏ దిక్కుకు పోదును?’ అనే ప్రశ్నలోంచి పుట్టిన సంస్కృత పదమిది. సొంతగడ్డ చేరినవానికి ఈ పేరు ఎందుకు పెట్టవలసివచ్చింది? ఓడ దిగడంతో ప్రయాణం ముగియదు కనుక. ‘పరాశక్తి’ ఈ ప్రశ్నను గట్టిగా అడిగింది, జవాబు మాత్రం ఇంటిలోపలే వెతికింది. చిత్రం గొప్పతనమూ, దాని పరిమితీ ఇక్కడే ఉన్నాయి.